మూడు ముంచుల జామాకు

రాజమండ్రి,
జూలై 2, 2025.

అప్పాయమ్మ అత్తకి,

నీ మేనకోడలు హారతి రాస్తున్నది. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని మా హాస్టల్ రూమ్మేట్ రాణి ఒకటే నవ్వు. "ఫోన్‌లో అయితే నేను ఊఁ కొడుతూ వేరే పని చేసుకుంటానని మా అత్తకి అనుమానమే. కాగితం మీద ఊఁ కొట్టడం కుదరదుగా, అందుకని రాయమంది" అన్నాను. దానికి ఇంకా నవ్వింది. నవ్వనీ.

అసలు సంగతికి వస్తాను. ఫార్మసీ చదువు ఆఖరి ఏడాదికి వచ్చింది కదా, ఇప్పుడు ప్రాజెక్టు చెయ్యాలి. ఒక మందు మొక్క ఆకు తీసుకుని, కషాయం చేసి, అందులోంచి టానిన్లు తొలగించి పారేసి, మిగిలినదానికి సత్తా ఉందో లేదో తేల్చాలి. టానిన్ అనగానే కంగారు పడకు. జామపిందె కొరికితే నాలుక మొద్దుబారుతుంది చూడు, అదే. మన వగరు.

దాన్ని ఎందుకు పారెయ్యడం అంటావేమో. ఈ వగరు కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది అత్తా. గాజు పళ్లెంలో సూక్ష్మజీవుల్ని పెంచి ఏ వగరు కషాయం పోసినా అవి చచ్చిపోతాయి. దాంతో ప్రతి ఆకూ గొప్ప మందులాగే కనిపిస్తుంది. పెళ్లిలో బ్యాండు మేళం మోగుతుంటే సన్నాయి ఉందో లేదో తెలియదు కదా. బ్యాండు వాళ్లని పంపించేస్తే అప్పుడు తెలుస్తుంది. నా పని బ్యాండుని పంపించడం.

మా గైడ్ హేమశ్రీ మేడమ్ "ఏ ఆకు తీసుకుంటావ్?" అని అడిగారు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, వల తాడు చెయ్యి కోసినా పల్లిపాలెంలో అందరూ మా అత్త దగ్గరికే వస్తారండీ, పెరటి జామాకు నూరి కట్టు కడితే నాలుగు రోజుల్లో మానిపోతుందండీ అని చెప్పాను. "నీ కళ్లతో చూశావా?" అన్నారు. "నా కాలికే కట్టిందండి" అన్నాను. మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసి "అయితే ఆ ఆకే పట్రా. సత్తా ఉందని తేలిందో, మీ అత్త పేరు రిపోర్టులో రాద్దాం" అన్నారు.

కాబట్టి అత్తా, రెండు కిలోల ఆకు కావాలి. శుభ్రంగా కడిగి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో పంపు. రిపోర్టులో నీ పేరు! అప్పుడే నాకు కాళ్లు నేలమీద ఆగడం లేదు. మావయ్యకి చెప్పు.

నీ
హారతి


అంతర్వేది పల్లిపాలెం,
జూలై 6.

హారతమ్మకి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి రేవులో చదివాను, గట్టిగా. మీ మావయ్య "నెమ్మదిగా చదవ్వే, చేపలు పారిపోతున్నాయ్" అన్నాడు. పల్లంరాజు గారికి ఎప్పుడూ ఆ చేపల గోలే. ఇంట్లో ఒక ఆకు పట్నం వెళ్లి పరీక్ష రాస్తుంటే ఆయనకి చీమ కుట్టినట్టు లేదు.

రేవులో అందరికీ చెప్పేశాను. మందులషాపు పెద్దిరాజు కూడా విన్నాడు. విని ఊరుకుంటాడా? "జామాకుకి పరీక్ష ఏంటండి, రేపు కొబ్బరిమట్టకి పెడతారా?" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "మా పిల్ల చదివే కాలేజీలో మిషన్లు ఉన్నాయండి. నా ఆకు ఉత్తదని ఆ మిషన్ చెబితే ఈ చేత్తో మళ్లీ ఎవరికీ కట్టు కట్టను. పనిచేస్తుందని చెబితే మీరు మీ షాపు ముందు నా పేరుతో బోర్డు పెట్టాలి" అన్నాను. పదిమంది విన్నారు. ఇక వెనక్కి తీసుకోలేను, నువ్వే చూసుకోవాలి.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. వగరు తీసి పారేస్తానన్నావు. జామాకులో వగరు పారేస్తే ఇంక ఏముంటుందే? నీ బ్యాండు మేళం మాట అర్థమైంది. కానీ పెళ్లికి వచ్చేది సగంమంది బ్యాండు కోసమే కదా. సరే, చదువుకున్నదానివి. నీ ఇష్టం.

ఆకులు కోసి, కడిగి, చెయ్యాల్సిందంతా చేసి, ఆరబెట్టి పంపుతున్నాను. రాజోలు బస్సు కండక్టరు డేనియల్ బాబు బస్ కాంప్లెక్స్‌లో నీ చేతికి ఇస్తానన్నాడు. అతనికి నిరుడు చెయ్యి తలుపులో పడి నలిగితే నేనే కట్టాను. సంచి సీటు మీద పెట్టి తీసుకెళతాడట, కింద పెట్టడట.

బాగా తిను. పరీక్ష ఆకుకి, నీకు కాదు.

నీ అత్త
అప్పాయమ్మ


రాజమండ్రి,
జూలై 14.

ప్రియమైన అత్తకి,

ముందు శుభవార్త. నీ ఆకు ల్యాబ్‌ని గడగడలాడించింది!

ఇక్కడ వగరు ఉందో లేదో చూడటానికి ఫెరిక్ క్లోరైడ్ అని ఒక మందు ఉంటుంది. ఒక్క చుక్క వేస్తే, వగరు ఉంటే నల్లబడుతుంది. జామాకు కషాయానికి ఎవరైనా ఒక మోస్తరు నలుపు వస్తుందనుకుంటారు. నీది సిరా అయిపోయింది. నిజంగా పెన్నులో పోసి రాయవచ్చు. మేడమ్ గొట్టాన్ని కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి "పదిహేనేళ్లుగా చూస్తున్నా, జామాకులో ఇంత టానిన్ ఎప్పుడూ చూడలేదు. మీ అత్త చెట్టు ఎక్కడిది?" అన్నారు. పక్క ల్యాబ్ వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు.

పళ్లెంలో పోస్తే సూక్ష్మజీవులు చచ్చి చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. ఇరవై ఆరు మిల్లీమీటర్లు అత్తా! కానీ అది వగరు ఉండగా. అసలు పరీక్ష వగరు తీశాక.

అక్కడే కొంచెం పేచీ వచ్చింది. వగరు తీయడానికి జెలటిన్ నీళ్లలో ఉప్పు కలిపి కషాయంలో పోస్తాం. వగరు జెలటిన్‌ని పట్టుకుని విరిగిన పాలలాగా ముద్దలు కడుతుంది. ఆ ముద్దల్ని వడకట్టి పారేస్తాం. మామూలుగా రెండుసార్లు పోస్తే సరిపోతుంది. నీ కషాయానికి అయిదుసార్లు పోశాను. ఇంకా చుక్క వేస్తే నలుపే. ల్యాబ్ అటెండరు ఏసుపాదం గారు ఆ ముద్దలు చూసి "ఏంటమ్మా, జున్ను చేస్తున్నారా?" అని అడిగారు.

ఆకంతా అయిపోయింది. ఇంకో రెండు కిలోలు పంపు. నీ చెట్టుకి నా తరఫున ఒక దణ్ణం పెట్టు.

గర్వంతో ఉబ్బిపోయిన
నీ హారతి


పల్లిపాలెం,
జూలై 19.

బంగారుతల్లీ హారతీ,

పదిహేనేళ్లలో చూడలేదన్నారా మేడమ్ గారు! ఆ ముక్క దగ్గర నా కళ్లజోడు తడిసిపోయి మిగతాది మీ మావయ్య చేత చదివించుకున్నాను. ఆయన ప్రతి మాటా కూడబలుక్కుని, మధ్యలో చుట్ట వెలిగించుకుని చదివేసరికి నా ప్రాణం కడబట్టింది.

నీ ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్దిరాజు షాపు ముందు నుంచి మూడుసార్లు నడిచాను. నాకు అక్కడ పనేం లేదు. మూడోసారి అతనే "ఏంటండి అప్పాయమ్మ గారూ, అటూ ఇటూ తిరుగుతున్నారు?" అన్నాడు. "ఇరవై ఆరు" అని చెప్పి వచ్చేశాను. ఏమి ఇరవై ఆరో అతనికి తెలియక గింజుకుంటున్నాడట.

గోదారికి ఎర్రనీళ్లు వచ్చాయి. రేవు మెట్లు నాలుగు మునిగాయి. మీ మావయ్య పడవ ఒడ్డుకి కట్టేసి, అటక మీది పాత నూలు వల దించి, దాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. నైలాను వలలు వచ్చాక నూలు వల ముట్టుకునేవాడు లేడు. మన తుమ్మచెక్క కాగు కూడా ఇన్నేళ్లూ బోర్లించి, దానిమీద కోళ్లగంప పెట్టుకుని కాలం గడిపింది. ఈ నెల మొదట్లో దాన్ని తోమి పొయ్యెక్కించాను. కోళ్లకే కోపం వచ్చింది. పెరట్లో ఆ వాసన వస్తుంటే నాకు ఒంట్లో పదేళ్లు తగ్గినట్టుంది.

ఆకు పంపుతున్నాను. ఈసారి ఇంకా శ్రద్ధగా చేశాను. నువ్వు ఎన్నిసార్లు వగరు పారేసినా తరగదు, నిశ్చింతగా పారేసుకో. ఆ జెల్ల పిండో, జున్ను పిండో, దానికే ముచ్చెమటలు పట్టాలి.

నీ అత్త
అప్పాయమ్మ


రాజమండ్రి,
జూలై 30.

అత్తకి,

ఎలా ఉన్నావు? మావయ్య ఎలా ఉన్నాడు? గోదావరి తగ్గిందా? ఇక్కడ పుష్కరాల రేవు దగ్గర నీళ్లు చూడటానికి జనం, జనాన్ని చూడటానికి ఐస్‌క్రీం బళ్లు. రాణి నిన్న రెండు తింది. వాతావరణం బాగానే ఉంది.

ఇక ఆలస్యం చెయ్యకుండా రాసేస్తాను. అత్తా, నీ రెండో మూట మొదటిదానికంటే నల్లగా ఉంది. జెలటిన్ డబ్బా మొత్తం అయిపోయింది. తొమ్మిదిసార్లు పోశాను. చివరికి ఎలాగో నలుపు పోయింది. సంబరపడి పళ్లెంలో పోశాను. మర్నాడు చూస్తే సూక్ష్మజీవులు హాయిగా, నిండుగా, పచ్చికలాగా పెరిగి ఉన్నాయి. ఖాళీ లేదు. సున్నా.

మళ్లీ చేశాను. సున్నా.

పోలిక కోసం మేడమ్ కడియం నర్సరీ నుంచి జామాకు తెప్పించారు. దానికి రెండుసార్లు జెలటిన్ పోయగానే వగరు పోయింది. తరవాత కూడా పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది.

మేడమ్ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కోప్పడకు. "హారతీ, మీ అత్త ఆకులో వగరు తప్ప ఇంకేమీ లేనట్టుందమ్మా. ప్రాజెక్టు కడియం ఆకుతో పూర్తి చేద్దాం." నాకు ఏడుపొచ్చింది. ఆగస్టు నెలాఖరు దాకా గడువు ఇమ్మని బతిమాలుకున్నాను. సెప్టెంబరు అయిదుకి రిపోర్టు ఇవ్వాలి.

కొన్ని ప్రశ్నలు రాస్తున్నాను, జవాబు ఇయ్యి. చెట్టు వయసెంత? దాని పక్కన ఉప్పుమడి ఉందా? మురుగు కాలవ ఉందా? చెట్టుకి ఎప్పుడైనా తెగులు వచ్చిందా? లేత ఆకు పంపావా, ముదురా?

నీ
హారతి


పల్లిపాలెం,
ఆగస్టు 3.

హారతికి,

కడియం ఆకా?

కుండీల్లో పుట్టి, కుండీల్లో పెరిగి, లారీ ఎక్కి ఊళ్లు తిరిగే కడియం మొక్కకి పన్నెండా? సముద్రపు గాలి తిని, తుఫానుకి రెండుసార్లు వంగి, మళ్లీ లేచిన నా చెట్టుకి సున్నానా? మీ మిషన్ ఎవరు బిగించారో వాళ్లని ఒకసారి చూసుకోమను.

నా చెట్టుకి తెగులా? మురుగు కాలవా? పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగరు. నీ ప్రశ్నలకి జవాబులు: వయసు నీకు రెండింతలు. ఉప్పుమడి లేదు. మురుగు లేదు. తెగులు లేదు. లేతా కాదు, ముదురూ కాదు, మధ్యరకం. నాలాగే పక్కనున్న ఎవరికీ భయపడదు.

నువ్వు రాసింది మీ మావయ్యకి చెప్పలేదు. కానీ నా మొహం చూసి ఊరంతా కనిపెట్టేసింది. అన్నమాట అన్నమాటే కాబట్టి కట్లు కట్టడం ఆపేశాను. మొన్న సురేష్‌బాబు అరచెయ్యి కోసుకుని వస్తే "ఫలితం వచ్చేదాకా నేను ముట్టుకోను నాయనా" అని రాజోలు ఆస్పత్రికి పంపాను. నాలుగు కుట్లు వేశారట. ఆస్పత్రి మంచిదే, నేను కాదనడం లేదు. కానీ అతను వెనక్కి తిరిగి చూస్తూ వెళుతుంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దిరాజు నన్ను ఏమీ అనడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నీకు తెలుసో లేదో, నేను పంతం పడితే మామూలుగా ఉండదు. మూడో మూట పంపుతున్నాను. ఈసారి ఒకటి కాదు రెండు కాదు, మూడు ముంచులు ముంచాను. చెట్టు మీద ఆన. తొమ్మిదిసార్లు కాదు, తొంభైసార్లు పారబోసుకో. అప్పుడు చూద్దాం ఏమీ మిగలకుండా ఎలా పోతుందో.

కోపంగా ఉన్న
అప్పాయమ్మ


రాజమండ్రి,
ఆగస్టు 9.

అత్తా!

ముంచావా? దేంట్లో ముంచావు?

ఫోన్ చేస్తే మావయ్య ఎత్తి "మీ అత్త కోపంగా ఉందమ్మా, కాగితం మీదే మాట్లాడుతుందట" అని పెట్టేశాడు. దేంట్లో ముంచిందో నువ్వైనా చెప్పు మావయ్యా అంటుండగానే పెట్టేశాడు. మూడో మూట ముడి విప్పకుండా బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను. ఏసుపాదం గారు దానికి దండ వెయ్యమంటారా అని అడిగారు.

నీళ్లలో ముంచావు కదూ? మంచినీళ్లే కదూ? అవునని రాసెయ్యి అత్తా, నీకు పుణ్యం ఉంటుంది. ఈ ఉత్తరం డేనియల్ గారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. జవాబు తీసుకునేదాకా అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పాను. బస్సు వదిలేసి అలా కుదరదమ్మా అన్నారు.

హారతి


పల్లిపాలెం,
ఆగస్టు 13.

హారతికి,

మంచినీళ్లలో ముంచితే మూడు ముంచులు ఎందుకు, ఒకటి చాలదూ? ఇన్ని చదువులు చదివి అడిగే ప్రశ్నేనా ఇది?

తుమ్మచెక్క నీళ్లలో ముంచాను. వల ముంచినట్టే. నువ్వు చిన్నప్పుడు చూశావు, మర్చిపోయావేమో, రాస్తాను. తుమ్మ బెరడు నలగ్గొట్టి కాగులో వేసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మరిగించాలి. నీళ్లు చిక్కటి టీ రంగుకి వచ్చి, నాలుక మీద వేసుకుంటే మొహం అష్టవంకర్లు పోవాలి. అప్పుడు దింపి, గోరువెచ్చగా ఉండగా వల ముంచి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ ముంచాలి. అలా ముంచిన నూలు ఉప్పునీళ్లకి కుళ్లదు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ ముంచిన వల ఎవరూ చింపలేకపోయేవారు.

నువ్వేం రాశావు? నా ఆకులో వగరంతా తీసి పారేస్తానన్నావు. అలా పారేసుకుంటూ పోతే పాపం ఆకు దగ్గర ఏం మిగులుతుంది? పదిమంది భోజనానికి వస్తారంటే పదిహేనుమందికి వండమా? అందుకని నువ్వు పారేసే వాటా ముందే కలిపి పంపాను. మొదటి మూట ఒక ముంచు. మేడమ్ గారు మెచ్చుకున్నారని రెండోదానికి రెండు. సున్నా అన్నావని మూడోదానికి మూడు. ఇందులో కంగారు పడాల్సింది ఏముంది?

కాగుకి పనొచ్చినందుకు మీ మావయ్య కూడా సంతోషిస్తున్నాడు. ఆయన నూలు వల కూడా పనిలో పనిగా ముంచేశాం. నిన్న ఏటిపాయలో వేస్తే రెండు మోసు చేపలు పడ్డాయి.

అప్పాయమ్మ


రాజమండ్రి,
ఆగస్టు 17.

నా అమాయకపు, అల్లరి, అపురూపమైన అత్తకి,

నీ ఉత్తరం ల్యాబ్‌లో నిలబడి చదివాను. "వల ముంచినట్టే" దగ్గర కూర్చున్నాను. "పదిహేనుమందికి వండమా" దగ్గర బల్లమీద తల పెట్టి నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఏడుస్తున్నాననుకుని ఏసుపాదం గారు నీళ్లు తెచ్చారు. మేడమ్ వచ్చి కాగితం లాక్కుని చదివారు. రెండేళ్లుగా ఆవిడ దగ్గర చదువుతున్నాను, ఆవిడకి నవ్వితే బుగ్గ సొట్ట పడుతుందని ఇవాళే తెలిసింది. "జెలటిన్ డబ్బాలు డబ్బాలు పోసింది తుమ్మచెట్టుకా మనం!" అని కళ్లు తుడుచుకున్నారు.

అత్తా, బ్యాండు మేళాన్ని పంపించెయ్యాలి అని రాస్తే నువ్వు వెనకనుంచి ఇంకో మూడు మేళాలు పంపావు. జరిగింది ఇది. తుమ్మ వగరు పోయేదాకా మేము జెలటిన్ పోస్తూనే ఉన్నాం. అన్ని ముద్దలు కడితే ఆకులో ఉన్న అసలు మంచి కూడా ఆ ముద్దల్లో చిక్కుకుని వాటితోపాటే కాలవలోకి పోయి ఉంటుంది. అందుకే సున్నా. నీ ఆకు పరీక్ష తప్పలేదు. నీ ఆకుని మేము ఇంతవరకూ పరీక్షే చెయ్యలేదు!

మేడమ్ ఆఖరి అవకాశం ఇచ్చారు. కానీ ఈసారి నేను చెప్పినట్టే జరగాలి. ఆకు చెట్టు మీదనుంచి కోసి, ఒక్కసారి కుళాయి నీళ్లతో కడగాలి. ఇంట్లో ఫ్యాను కింద కొత్త తువ్వాలు మీద ఆరబెట్టాలి. కాగు ఉన్న వైపుకి కూడా తీసుకెళ్లొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు మాత్రం ముట్టుకోకు. మావయ్యని కొయ్యమను, మావయ్యని ఆరబెట్టమను. మావయ్య కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నువ్వు దూరంగా కుర్చీ వేసుకుని కూర్చో.

వెంటనే పంపు. రోజులు లేవు.

నవ్వి నవ్వి కడుపు నొప్పితో
హారతి


పల్లిపాలెం,
ఆగస్టు 21.

కుమారి హారతి గారికి,

మీరు చెప్పిన ప్రకారం మీ మావయ్య గారు ఆకు కోసి, కడిగి, ఆరబెట్టి, మూట కట్టారు. నా చెయ్యి తగల్లేదు. నా నీడ కూడా పడకుండా వీధి గుమ్మంలో కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఊరందరికీ పనికొచ్చిన చెయ్యి ఇప్పుడు మీకు అంటరానిదైనందుకు సంతోషం.

కొత్త తువ్వాలుకి మరక పడింది. పరవాలేదు.

ఇట్లు,
పి. అప్పాయమ్మ


రాజమండ్రి,
సెప్టెంబరు 2.

అత్తా,

గారు, ఇట్లు, ఇంటిపేరు. మూడు బాణాలూ తగిలాయి. ముందు నీ కాళ్లు పట్టుకుంటాను, తరవాత ఫలితం చెబుతాను.

కాగు పొయ్యెక్కినప్పటినుంచి నీ వేళ్ల సందుల్లో, గోళ్ల కింద తుమ్మరంగు ఉంటుంది. సబ్బుకి పోదు, నువ్వే చెప్పేదానివి. ఆ రంగు ఆకుకి అంటితే మళ్లీ మొదటికొస్తుంది. వద్దన్నది ఆ రంగుని అత్తా, నీ చేతిని కాదు. ఆ ముక్క రాయకుండా నవ్వుతూ కూర్చున్నాను చూడు, అది నా తప్పు. నా జ్వరాలన్నిటికీ నుదుటిమీద ఉన్నది ఆ చెయ్యే. క్షమించు.

ఇప్పుడు ఫలితం. మావయ్య కోసిన ఆకు కషాయానికి జెలటిన్ రెండుసార్లు పోశాను, వడకట్టాను. ఫెరిక్ క్లోరైడ్ చుక్క వేశాను. ఏమీ రాలేదు. నలుపు లేదు, మచ్చ లేదు. వగరు మొత్తం పోయింది.

పళ్లెంలో పోసి మూత పెట్టి, మర్నాడు పొద్దున మూత తియ్యడానికి నాకు ధైర్యం చాలక రాణిని పిలిచాను. రాణికి ధైర్యం చాలక ఏసుపాదం గారిని పిలిచింది. ఆయన మూత తీసి "గుండ్రంగా ఉందమ్మా" అన్నారు.

పదిహేను మిల్లీమీటర్లు!

వగరు ఉండగా ఇరవై రెండు వచ్చింది, వగరు తీశాక పదిహేను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. అంటే నీ కట్టు బలంలో కొంత వగరుది, కానీ ఎక్కువ భాగం ఆకు సొంతం. కడియం ఆకుకి పన్నెండే. ఈ మాట నువ్వు రేవులో ఎలాగూ చెబుతావు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పు. ఇది గాజు పళ్లెంలో సంగతి. లోతు గాయమైనా, వాచినా, జ్వరం వచ్చినా ముందు ఆస్పత్రికే పంపు. సురేష్‌బాబుని పంపి మంచి పని చేశావు.

రిపోర్టు మొదటి పేజీలో "ఈ ఆకు వాడకాన్ని తెలియజేసినవారు: శ్రీమతి అప్పాయమ్మ, అంతర్వేది పల్లిపాలెం" అని మేడమ్ తన చేత్తో రాశారు. ఇక నువ్వు అందరికీ కట్టు కట్టుకోవచ్చు.

నీ
హారతి


పల్లిపాలెం,
సెప్టెంబరు 7.

నా తల్లి హారతికి,

ఇంటిపేరు వెనక్కి తీసుకున్నాను. గారు కూడా తీసుకున్నాను. తువ్వాలు మాత్రం నువ్వే కొనివ్వాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజు రేవులో పండగ. పదిహేను, పదిహేను అని నేను అరుస్తుంటే ఏదో లాటరీ తగిలిందనుకుని అవతల ఒడ్డునుంచి కూడా పడవ వేసుకుని వచ్చారు. మీ మావయ్య ఏకంగా "ఆకు కోసింది నేనే" అని అందరితో చెప్పుకు తిరుగుతున్నాడు. రెండు పులసలు పడితే ఒకటి పంచిపెట్టేశాడు. ఆ మనిషి పులస పంచడం నేను పుట్టి ఎరగను. పెద్దిరాజు వచ్చి నీ ఉత్తరం అడిగి తీసుకుని మొత్తం చదివాడు. బోర్డు పెట్టకపోయినా పరవాలేదండి అన్నాను. "మీ పేరులో ఎన్ని అక్షరాలు ఉంటాయండి?" అని అడిగి వెళ్లాడు.

ఇప్పుడు ఒక మాట రాస్తాను. ఎవరికీ చెప్పకు.

మొదటి మూట పంపేటప్పుడే ఆకుని ఒక ముంచు ముంచాను కదా. అప్పటికి మీ మేడమ్ గారు మెచ్చుకోనూ లేదు, నువ్వు సున్నా అననూ లేదు. పదిహేనుమందికి వండానని రాశాను, అది సగమే నిజం. మిగతాది భయమే అమ్మా. నా ఆకు ఉత్తదని తేలుతుందేమోనని భయపడి, పరీక్షకి వెళ్లే పిల్లకి చీటీ పెట్టినట్టు దానికి తుమ్మరసం పట్టించి పంపాను.

మా అత్తగారు కట్టమంది, కట్టాను. గాయం మానేది. ఆకు మాన్పిందో, దానంతటదే మానిందో నాకేం తెలుసు? కట్టిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్లి, ఆ మనిషి పనిలోకి వచ్చాడా లేదా అని దూరం నుంచి చూసేదాన్ని. కనిపిస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చి వంట చేసుకునేదాన్ని. కనిపించకపోతే ఆ రోజు అన్నం సయించేది కాదు. ముప్ఫై ఏళ్లు అలా చూశాను. నా నోరు పెద్దది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. మీ మావయ్యక్కూడా తెలియదు.

మొన్న ఆయన కాలికే జెల్ల ముల్లు దిగింది. పైపైనే, లోతు లేదు. నువ్వు చెప్పినట్టు సబ్బుతో కడిగాను, వాపు లేదని చూసుకున్నాను, ఆకు నూరి కట్టు కడుతున్నాను. కడుతుంటే నాకు నవ్వొచ్చేసింది. ఆపుకుందామంటే ఆగదు.

"నాకిక్కడ ప్రాణం పోతంటే నవ్వుతావేంటే?" అన్నాడు.

"ఏం లేదు, కాలు ఇటు పెట్టండి" అన్నాను.

మర్నాడు మీ మావయ్య రేవుకి వెళ్లాడో లేదో నేను చూడలేదు హారతీ. చూడాలని గుర్తే రాలేదు.

నీ అత్త
అప్పాయమ్మ